ఆటకు గంట, ఇంటికి ఇరవై మూడు



1974 ఆగస్టు. అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరం, డాడ్జర్ స్టేడియం. బేస్‌బాల్ ఆట జరుగుతోంది, దేశమంతా టీవీలో చూస్తోంది. ఆట మధ్యలో అలెక్స్ స్టీన్ అనే కాలేజీ కుర్రాడు తన కుక్కతో సహా మైదానంలోకి దిగిపోయాడు. ఆ కుక్క పేరు ఆష్లీ. విప్పెట్ జాతిది. సన్నటి నడుము, పొడుగు కాళ్లు. కుర్రాడు ఫ్రిస్బీ అనే ప్లాస్టిక్ పళ్లెం విసరడం, కుక్క అమాంతం గాలిలోకి లేచి నోటితో అందుకోవడం. ఆటగాళ్లు తమ ఆట మానేసి దీన్నే చూశారు. కాసేపటికి పోలీసులు వచ్చి కుర్రాణ్ని పట్టుకుపోయారు, జరిమానా కూడా పడింది. పడితే పడింది గానీ, కుక్కల ఫ్రిస్బీ అనే ఆట ఒకటుందని ఆ రాత్రి లోకానికి తెలిసింది. ఆ తర్వాత పెట్టిన మొదటి మూడు ప్రపంచ పోటీల్లోనూ ఆష్లీయే గెలిచింది.

నాలుగేళ్ల తర్వాత లండన్‌లో ఇంకో ముచ్చట. అప్పట్లో అక్కడ క్రఫ్ట్స్ అని ఏటా పెద్ద కుక్కల ప్రదర్శన జరిగేది. ఒక పోటీకీ ఇంకో పోటీకీ మధ్య ఖాళీ వస్తే జనానికి విసుగు పుడుతుందని, గుర్రాలు కంచెలు దూకే పోటీ ఉంటుంది చూడండి, దాన్నే కుక్కలకు పెట్టి చూశారు. 1978లో కాలక్షేపానికి పెట్టిన ఆ ఆటనే ఇవాళ ఎజిలిటీ పేరుతో ప్రపంచమంతా ఆడుతున్నారు. కుక్క అడ్డుకర్రల మీదుగా దూకాలి. గొట్టంలో దూరి అవతలికి రావాలి. ఏటవాలు బల్ల ఎక్కి దిగాలి. ఊగే బల్ల మీద తడబడకుండా నడవాలి. వరసగా పాతిన 12 కర్రల మధ్య మెలికలు తిరుగుతూ పరుగెత్తాలి. యజమాని పక్కనే పరుగెడుతూ మాటతోనూ చేత్తోనూ దారి చూపిస్తాడు, అంతే. కుక్కను ముట్టుకోకూడదు, గొలుసు ఉండకూడదు, చేతిలో బిస్కెట్టు ఉండకూడదు. మొత్తం వ్యవహారం ఒక నిమిషంలో అయిపోతుంది.

ఇప్పుడు ఈ పరుగులన్నీ మన ఫోన్లలోకి వచ్చేశాయి. పిల్లలు చూస్తున్నారు. "మనమూ అలాంటి కుక్కను తెచ్చుకుందాం నాన్నా" అంటున్నారు. హైదరాబాద్‌లో కొండాపూర్ దగ్గర జీహెచ్ఎంసీ 2018లో కుక్కల కోసమే ఒక పార్కు తెరిచింది. కుక్కలు ఎక్కి దిగి దూకడానికి అందులో సామగ్రి కూడా పెట్టారు. అంటే ఆశకు చోటు కూడా దొరికింది. మిగిలింది ఒక్క ప్రశ్న. ఏ జాతి కుక్కను తెచ్చుకోవాలి?

నన్నడిగితే, జాతి పేరు ఎత్తే ముందు ఒక లెక్క వేసుకోవాలి. ఎంత ఆటల కుక్కయినా మామూలుగా రోజుకు ఒక గంట ఆడుతుంది. మిగతా ఇరవై మూడు గంటలూ మన ఇంట్లోనే ఉంటుంది. మన సోఫా కింద, మన వంటింటి గుమ్మంలో, నాయనమ్మ మంచం పక్కన. చాలామంది ఆ ఒక్క గంట చూసి కుక్కను ఎంచుకుంటారు. నా మాట వింటే మిగతా ఇరవై మూడు గంటలు చూసి ఎంచుకోండి.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో చెప్పడానికి బోర్డర్ కోలీని మించిన ఉదాహరణ లేదు. ఎజిలిటీలో దీనిదే రాజ్యం. న్యూయార్క్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ కుక్కల ప్రదర్శనలో 2014లో ఎజిలిటీ పోటీ మొదలుపెడితే మొదటి ఏడే బోర్డర్ కోలీ గెలిచింది. తెలివికీ దీనిదే మొదటి పేరు. అమెరికాలో చేసర్ అనే బోర్డర్ కోలీకి, జాన్ పిల్లీ అనే విశ్రాంత ఆచార్యుడు వెయ్యికి పైగా బొమ్మల పేర్లు నేర్పాడు. ఏ బొమ్మ పేరు చెబితే ఆ బొమ్మనే ఏరి తెచ్చేది. ఇవన్నీ విన్నాక ఎవరికైనా నోరూరుతుంది. కానీ ఈ కుక్కను ఎందుకు తయారు చేశారో చూడండి. ఇంగ్లాండు, స్కాట్లాండు సరిహద్దు కొండల్లో గొర్రెల మంద కాయడానికి. 1893లో నార్తంబర్‌లాండ్‌లో ఆడమ్ టెల్ఫర్ అనే ఆయన దగ్గర ఓల్డ్ హెంప్ అనే కుక్క పుట్టింది. ఇవాళ్టి బోర్డర్ కోలీలు దాని వంశమే. అరవకుండా, కరవకుండా, ఒంగి నడుస్తూ కేవలం చూపుతో గొర్రెలను కదిలించేదట. తెల్లవారినప్పటి నుంచి చీకటి పడేదాకా కొండలెక్కి దిగే పని అది.

ఆ రక్తాన్ని తెచ్చి మియాపూర్‌లో రెండు పడకగదుల ఫ్లాట్‌లో పెట్టామనుకోండి. దానికి గొర్రెలు కావాలి. ఫ్లాట్‌లో గొర్రెలుండవు గనక ఇంటికి వచ్చిన పిల్లలనే మందగా తోలుతుంది, మడమలు పట్టుకుంటుంది. స్కూటర్ల వెంట పడుతుంది. అదీ కుదరకపోతే గోడ మీద ఫ్యాను నీడను గంటలకొద్దీ చూస్తూ కూర్చుంటుంది. జనం దాన్ని పిచ్చి అంటారు. అది పిచ్చి కాదు, పనిలేకపోవడం. ఆటలో ఛాంపియన్ కావాలనే పట్టుదల, రోజుకు రెండు మూడు గంటల తీరిక, దగ్గర్లో ఖాళీ స్థలం, ఈ మూడూ ఉన్నవాళ్లకు బోర్డర్ కోలీ వరం. మిగతావాళ్లు వీడియోలో చూసి ఆనందిస్తే చాలు.

బెల్జియన్ మాలినోయిస్ సంగతీ అంతే, ఇంకాస్త ఎక్కువే. మన కేంద్ర బలగాల్లో, మొయినాబాద్‌లోని పోలీసు జాగిలాల శిక్షణ కేంద్రంలో కనిపించే ఆ చురుకైన కుక్క ఇదే. ఒసామా బిన్ లాడెన్ ఇంటి మీద 2011లో జరిగిన దాడిలో అమెరికా సైనికులతో పాటు వెళ్లిన కైరో అనే కుక్క కూడా ఈ జాతిదే. సైనికుడికి ఆయుధం లాంటిది ఇంట్లో పెంపుడు జంతువు అవుతుందా? అనుభవజ్ఞుల చేతిలో అవుతుంది. మొదటిసారి కుక్కను పెంచేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మేలు.

హస్కీ గురించి చెప్పాలంటే నాకు కొంచెం కోపం వస్తుంది. 1925లో అలాస్కాలో నోమ్ అనే ఊరికి డిఫ్తీరియా మందు చేరవేయడానికి, గడ్డకట్టే చలిలో, దాదాపు 1,085 కిలోమీటర్లు వంతులవారీగా బండ్లు లాగిన కుక్కలవి. ఆ ఒంటి మీది రెండు పొరల బొచ్చు ఆ చలి కోసం. మే నెలలో రామగుండంలో, విజయవాడలో ఎండ ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. నీలికళ్లు బాగున్నాయని తెచ్చి, ఏసీ గదిలో బంధించి, కరెంటు పోయినప్పుడల్లా తడిగుడ్డలు కప్పడం ఎవరికి సుఖం? దానితో ఆటలేం ఆడతాం?

ఎండ మాట వచ్చింది గనక ఇక్కడే చెప్పేస్తాను. మనలా కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. కాస్తో కూస్తో అరికాళ్లలో పడుతుంది. నాలుక బయటపెట్టి వగర్చడమే అది ఒళ్లు చల్లబరచుకునే దారి. ముక్కు, మూతి నొక్కుకుపోయి ఉండే జాతులకు ఆ దారి కూడా ఇరుకే. పగ్ అంటే అదే. 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో పిల్లవాడి వెనకాలే తిరిగిన కుక్క. ఆ ప్రకటన పుణ్యమా అని మన ఊళ్లలో దానికి హచ్ కుక్క అనే పేరే స్థిరపడింది. ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి బంగారం, పరుగు పందేలకు కాదు. ఫ్రెంచ్ బుల్‌డాగ్, షీట్జూ కూడా అంతే. ఇక ఏ జాతి అయినా సరే, ఎండాకాలంలో పరుగులన్నీ పొద్దున ఏడు లోపు ముగించాలి. తారురోడ్డు మీద చేతి వెనకభాగం ఆనించి ఐదారు సెకన్లు ఉంచి చూడండి. మీకు చుర్రుమంటే దాని పాదాలకూ చుర్రుమన్నట్టే.

సరే, వద్దన్నవి చెప్పాను. కావాలన్నవేమిటి?

నా ఓటు ముందుగా లాబ్‌కే. లాబ్రడార్. మీరు నవ్వొచ్చు, "అందరి ఇళ్లలో ఉండేదేగా" అని. అందరి ఇళ్లలో ఉండడానికి కారణం ఉంది. ఇది వేటగాడు కొట్టిన పిట్టను నీళ్లలోంచి, పొదల్లోంచి పళ్లగాటు పడకుండా నోట కరుచుకు తెచ్చి చేతిలో పెట్టడానికి పెంచిన కుక్క. అంటే రెండు గుణాలు పుట్టుకతో వచ్చాయి. మెత్తని నోరు, మనిషి చెప్పేదాకా ఓపిగ్గా కూర్చునే బుద్ధి. ఆ రెండో గుణమే ఇంట్లో ఇరవై మూడు గంటలూ పనికొస్తుంది. ఆడమంటే ఆడుతుంది, చాలంటే పడుకుంటుంది.

లాబ్‌కు తిండి యావ ఎక్కువ అని పెంచినవాళ్లందరికీ తెలుసు. అది దాని తప్పు కాదు. కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు 2016లో కనిపెట్టిందేమిటంటే, లాబ్‌లలో దాదాపు నాలుగో వంతుకు ఆకలికి సంబంధించిన ఒక జన్యువులో చిన్న లోపం ఉంది. కడుపు నిండిందన్న సంగతి మెదడుకు సరిగా అందదు. తిండి కోసం ఏమైనా చేస్తుంది గనక నేర్పడం తేలిక. మనం ప్రేమకొద్దీ పెరుగన్నం, బిస్కెట్లు, పెళ్లి భోజనాల మిగులు పెడుతూ పోతే మూడేళ్లకు దిమ్మెలా తయారై, కీళ్లు అరిగి, మెట్లు ఎక్కలేని స్థితికి రావడమూ అంతే తేలిక. ఆటలకు కావలసింది పక్కటెముకలు చేతికి తగిలే లాబ్. ప్రదర్శనల కోసం పెంచే బరువైన రకం వేరు, పని కోసం పెంచే సన్నటి రకం వేరు. దొరికితే రెండో రకం తెచ్చుకోండి. ఒక్క జాగ్రత్త, ఇంట్లో చేతికర్ర పట్టుకు నడిచే తాతయ్య ఉంటే మొదటి రెండేళ్లు కాస్త చూసుకోవాలి. ముప్పై కిలోల ప్రేమ ఎదురొచ్చి మీద పడితే పెద్దవాళ్లు నిలబడలేరు.

గోల్డెన్ రిట్రీవర్ బుద్ధి కూడా ఇంచుమించు ఇదే, బొచ్చు దువ్వే ఓపిక మీకుండాలి. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో ఆ బొచ్చు కింద చర్మం పాడవుతుంది.

జర్మన్ షెపర్డ్‌ను మన పెద్దవాళ్లు అల్సేషియన్ అంటారు. 1899లో స్టెఫానిట్జ్ అనే జర్మన్ సైనికాధికారి ఈ జాతికి రూపం ఇచ్చాడు. అందానికి కాక పనికి పెట్టిన పరీక్షల్లో నెగ్గినవాటినే పెంచాలన్నది ఆయన పట్టుదల. వాసన పట్టడం, ఆజ్ఞ పాటించడం, కాపలా, ఈ మూడింటి పోటీ అక్కడి నుంచే వచ్చింది. మంచి కుక్కే. కానీ ఇవాళ మార్కెట్లో దొరికే వాటిలో చాలావాటికి వెనకభాగం కిందికి వాలి ఉంటుంది, తుంటి కీలు జబ్బు కూడా ఈ జాతిలో ఎక్కువ. దూకే ఆటలకు ఆ తుంటే ఆధారం. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే చూపించమని అడగండి. చూపించనివాళ్ల దగ్గర కొనకండి.

చిన్న ఇల్లు, చిన్న పిల్లలు అయితే బీగిల్ ఉంది. ముక్కే దాని ప్రపంచం. పిల్లలతో బాగా కలిసిపోతుంది. అయితే ఊళ పెడితే మూడు అంతస్తుల వాళ్లు తలుపు కొడతారు.

ఇంకో పేరు చెబుతాను, ఈ మధ్య అందరూ మరిచిపోయింది. 1980లు, 90లలో ప్రతి వీధిలోనూ ఉండేది, మనం పొమేరియన్ అని పిలిచిన తెల్ల కుక్క. నిజానికి అది ఇండియన్ స్పిట్జ్. హిందీలో 'హమ్ ఆప్‌కే హై కౌన్', తెలుగులో 'ప్రేమాలయం'. ఆ సినిమాలో పెళ్లి పెద్దరికమంతా చేసిన టఫీ ఈ రకానిదే. తరాలుగా మన వాతావరణానికి అలవాటుపడింది, తక్కువ తింటుంది, చెప్పింది చటుక్కున పట్టుకుంటుంది. ఎజిలిటీలో చిన్న కుక్కలకు విడిగా తరగతి ఉంటుంది, కర్రల ఎత్తు కూడా తగ్గిస్తారు. రెండు గదుల ఇంట్లో ఉంటూ పిల్లలతో సరదాగా ఆడించాలనుకునేవాళ్లు దీన్ని ఎందుకు తలుచుకోరో నాకు అర్థం కాదు. మొరుగుడు మాత్రం భరించాలి.

దక్షిణాది వేట కుక్కలున్నాయి. కర్ణాటక ముధోల్, తమిళనాడు చిప్పిపారై, రాజపాళయం. ముధోల్, రాజపాళయం కుక్కల మీద 2005లో తపాలా బిళ్లలు కూడా వచ్చాయి. ముధోల్‌ను సైన్యమూ తీసుకుంది. పరుగులో వీటికి తిరుగులేదు, ఇంట్లో ముడుచుకుని పడుకుంటాయి. చిక్కల్లా ఏమిటంటే, కంటికి కుందేలో పిల్లో కనబడితే మీ కేక వాటి చెవికెక్కదు. చుట్టూ కంచె ఉన్న స్థలంలోనే వదలాలి. సూటిగా పరుగెత్తే ఆటలు వీటికి తగినవి. వంద సైగలు పాటించే ఆటలు కావు.

మనదంటూ ఒకటుంది, జోనంగి. కొల్లేరు చుట్టుపక్కల, ఏలూరు, కృష్ణా ప్రాంతాల్లో బాతుల మందలను కాసిన కుక్క. ఒంటికి అతుక్కున్నట్టుండే పొట్టి వెంట్రుకలు, నుదుటి మీద ముడతలు. మందను చెదరకుండా నడిపించడం దాని నెత్తుటిలోనే ఉంది. చేపల చెరువులు పెరిగి బాతుల పెంపకం తగ్గాక దాని పనీ తగ్గింది. పని చేసే బుద్ధి, మన ఎండను తట్టుకునే ఒళ్లు, ఈ రెండూ ఉన్న కుక్కకు కొత్త పని వెతకాలంటే ఆటల కన్నా మంచిది ఏముంది? దొడ్డి ఉన్న ఇళ్లవాళ్లు ఆలోచించండి. ఫ్లాట్లవాళ్లు వద్దు, గోతులు తవ్వడం దానికి సరదా.

ఇక వీధి కుక్కపిల్ల. ఊరకుక్కకు ఎజిలిటీ ఏమిటని కొందరు మూతి విరుస్తారు. వాళ్లకొక వార్త. 2024లో వెస్ట్‌మిన్‌స్టర్ ఎజిలిటీ పోటీలో మొత్తం మీద మొదటి స్థానం నింబుల్ అనే మిశ్రమ జాతి కుక్కకు దక్కింది. ఆ పోటీలో సంకర కుక్క గెలవడం అదే మొదటిసారి. నిజమే, దాని రక్తంలో సగం బోర్డర్ కోలీదే. అయినా గెలిచింది పెడిగ్రీ కాగితం కాదు, ఆ కుక్కా దానికి నేర్పిన మనిషీ. మన వీధి కుక్కకు పొడుగు కాళ్లు, తేలికైన ఒళ్లు, ఎండకు ఓర్పు ఉన్నాయి. పుట్టుకతో వచ్చే జబ్బులు తక్కువ. కొత్తవాళ్లంటే కొంత బెరుకు ఉంటుంది. అది పోవాలంటే మూడు నెలలు నిండే లోపే మనుషులను, బళ్లను, చప్పుళ్లను నెమ్మదిగా అలవాటు చేయాలి. ఆ వయసు దాటిపోతే అలవాటు చేయడం చాలా కష్టం. ఏ జాతికైనా ఇదే లెక్క.

జాతి, జాతి అని ఇంతసేపు మాట్లాడాను. అయితే 'సైన్స్' పత్రికలో 2022లో ఒక పరిశోధన వచ్చింది. 18 వేలకు పైగా కుక్కల యజమానులను ప్రశ్నలడిగి, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులు పరిశీలించారు. ఒక కుక్క ప్రవర్తనలో జాతిని బట్టి చెప్పగలిగింది సుమారు 9 శాతమేనని తేలింది. చెప్పిన మాట వినే గుణంలో మాత్రం జాతి ప్రభావం కాస్త ఎక్కువ కనిపించింది. అంటే జాతి పేరు మనకు వీధి చూపిస్తుంది, ఇంటి నంబరు చెప్పదు. అందుకే ఫొటో చూసి ఆన్‌లైన్‌లో డబ్బు కట్టకండి. వెళ్లి కుక్కపిల్ల తల్లిని చూడండి. తల్లి మిమ్మల్ని చూసి వణుకుతున్నా, మీద పడుతున్నా వెనక్కి వచ్చేయండి. కుక్కపిల్లలున్న చోట తాళంచెవుల గుత్తి కింద పడేయండి. చప్పుడుకు ఉలిక్కిపడి, క్షణం ఆగి, వాసన చూడటానికి దగ్గరికొచ్చే పిల్ల మీకు కావలసింది. మూల దూరిన పిల్లా వద్దు, అందరినీ తొక్కుకుంటూ వచ్చే పిల్లా వద్దు.

2017 కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదు, అమ్మేవాళ్లకు రిజిస్ట్రేషన్ ఉండాలి. నెల పిల్లను అట్టపెట్టెలో పెట్టి తెస్తే పుచ్చుకోకండి. తెచ్చుకున్నాక టీకాలు, పురుగుల మందు, పిడుదుల నివారణ, ఇవన్నీ పశువైద్యుణ్ని అడిగి చేయించండి. మన ప్రాంతంలో పిడుదుల వల్ల వచ్చే జ్వరం చాలా కుక్కలను మింగేస్తుంది.

ఆటలు ఎప్పుడు మొదలుపెట్టాలి? పేరు పిలిస్తే రావడం, కూర్చోవడం, వదిలేయమంటే వదిలేయడం మొదటి వారం నుంచే. ఎత్తులు దూకించడం మాత్రం ఏడాది దాటాకే. ఎముకల చివర్లు అప్పటికి గానీ గట్టిపడవు. అంతర్జాతీయ ఎజిలిటీ పోటీల్లో 18 నెలలు నిండని కుక్కను దిగనివ్వరు. ఈలోగా ముక్కుతో ఆడే ఆట ఉంది. మూడు గిన్నెలు బోర్లించి ఒకదాని కింద చిన్న కోడిమాంసం ముక్క దాచండి. తర్వాత గదిలో, తర్వాత ఇల్లంతా. కాసేపు ముక్కు పనిచేస్తే కుక్క బాగా అలిసి హాయిగా పడుకుంటుంది. నడివేసవిలో, వానాకాలంలో ఇంతకన్నా మంచి ఆట లేదు. పిల్లలూ నాయనమ్మా కలిసి ఆడించవచ్చు.

చివరగా ఒక్క మాట. కుక్క పన్నెండు, పధ్నాలుగేళ్లు బతుకుతుంది. పదో తరగతి అబ్బాయి పట్టుబట్టి తెచ్చుకున్న కుక్క, వాడు ఎంఎస్ చదవడానికి అమెరికా విమానం ఎక్కేనాటికి నిండు వయసులో ఉంటుంది. ఆ తర్వాత దాన్ని నడిపించాల్సింది అమ్మానాన్నలే. కాబట్టి జాతి నిర్ణయించేటప్పుడు పిల్లల ఉత్సాహం వినండి గానీ, గొలుసు చివరికి ఎవరి చేతిలో మిగులుతుందో వాళ్ల ఓపికను బట్టి ఎంచుకోండి. కుక్కను తెచ్చే ముందు ఒక నెలపాటు, కుక్క లేకుండానే, ఇంట్లో ఇద్దరు పెద్దలు రోజూ పొద్దున ఐదున్నరకు లేచి గంటసేపు నడవండి. నెల నిండితే వెళ్లి పిల్లను తెచ్చుకోండి. మధ్యలోనే మానేస్తే ఈ ఏడాదికి ఆగండి.